మెట్ల కింద కట్టె ముక్కలు: ఏవి ఉంచాలి, ఎట్లా పెట్టాలి?

మెట్లకింద_మేస్త్రి (హన్మకొండ), జూన్ 1

అందరికీ నమస్తే. మా ఇంట్లో మెట్ల కింద 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడుగు జాగా ఉంది. పొడుగు పేరుకే. నిలబడి పని చేయగలిగేది 7 అడుగులు. మిగతా 4 అడుగుల్లో వంగాలి, చివర్లో పాకాలి. నాలుగేళ్లుగా అదే నా వర్క్‌షాప్. ఒక బెంచీ, చేతి సర్క్యులర్ రంపం, డ్రిల్లు, మా మామగారి పాత రందా. వారమంతా ఆఫీసు, ఆదివారం ఒక్కటే దీనికి.

నా బాధంతా ముక్కలతో. ఏది కోసినా కొంత మిగులుతుంది, అది పారేయబుద్ధి కాదు. రెండు బియ్యం బస్తాలు, మూడు సిమెంటు సంచులు నిండాయి. పట్టనివి ఆ వంగాల్సిన 4 అడుగుల్లోకి తోసేశాను. మొన్న స్టూలు కాలికి 12 అంగుళాల టేకు ముక్క కావాల్సి వచ్చింది. ఉందని తెలుసు, కళ్లారా చూశాను కూడా. నలభై నిమిషాలు వెతికాను. కుప్ప అడుగుకు వచ్చేసరికి ఒక తేలు తోక ఎత్తి కూర్చుంది. ఇక వెతకలేదు. టింబర్ డిపోకు పోయి కొత్త రీపరు తెచ్చి కోసుకున్నాను. దాని మిగులు తెచ్చి మళ్లీ అదే కుప్ప మీద వేశాను.

మిరుగు ఇంకో వారంలో వస్తుంది. వానలు పడితే ఆ మూల చెమ్మ ఎక్కుతుంది. మా ఆవిడ అయితే "నీళ్లు కాచే బాయిలర్‌కు రెండు చలికాలాలకు సరిపోను కట్టె ఉంది" అని లెక్క వేసి పెట్టుకుంది. ఇంత చిన్న జాగాలో మీరు ముక్కలు ఎట్లా పెట్టుకుంటున్నారు? యూట్యూబ్‌లో చూసినవన్నీ కారు షెడ్డంత జాగా ఉన్నవాళ్లవి, మనకు పనికిరావు.

ఖాళీ_టేబుల్ (వరంగల్), జూన్ 1

అడుగు కంటే పొట్టివన్నీ పారేయండి. అయిపోయింది.

వడ్ల_ఇంటి_పిలగాడు (పరకాల), జూన్ 1

అన్నా, టేకు పారేయమని చెప్పడానికి నోరెట్లా వచ్చింది?

మాది మూడు తరాల వడ్ల పని ఇల్లు. మా తాత టేకు మిగిలితే పీట చేసేవాడు, పీటకు చాలకపోతే తలుపు గడియ, దానికీ చాలకపోతే ఉలికి పిడి. ఆ తర్వాత మిగిలిందే పొయ్యిలోకి పోయేది. లెక్క కూడా చెప్తా. మీరు వెతికిన ముక్క 12 అంగుళాలు, స్టూలు కాలంటే 3 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం అనుకుందాం. గుణిస్తే 54 ఘనపుటంగుళాలు. సీఎఫ్‌టీ అంటే ఘనపుటడుగు, దానికి 1728. అంటే అసొంటి ముక్కలు 32 అయితే ఒక సీఎఫ్‌టీ. టేకు సీఎఫ్‌టీ 4,000 అనుకున్నా ముక్క 125 రూపాయలు. వంద నోటు కింద పడితే వంగి తీసుకోమా?

ఖాళీ_టేబుల్ (వరంగల్), జూన్ 1

తమ్మీ, నీ గుణకారం కరెక్టే. కానీ ఆయన ఆ 125 రూపాయల ముక్క కోసం నలభై నిమిషాలు వెతికి, దొరకక కొత్తది కొన్నాడు. ఇంట్లో ఉండీ దొరకని ముక్క లేనట్టే లెక్క. పైగా తేలు ఫ్రీ.

ఐటీఐ_సారు (కాజీపేట), జూన్ 2

ఇద్దరూ ఆగండి. ముప్పై ఏళ్లు కార్పెంటరీ ట్రేడు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, నాకూ ఒక మాట చెప్పే హక్కుంది.

మేస్త్రి గారూ, ర్యాకు సంగతి తర్వాత. ముందు మొత్తం బయట పరిచి లెక్కపెట్టండి. మూడు కుప్పలు చేయండి: చేవ కట్టె (టేకు, నల్లమద్ది లాంటి గట్టివి), తెల్లకట్టె (మామిడి, పైన్ లాంటివి), ప్లై. ఎన్ని ముక్కలు, అందులో 8 అంగుళాల లోపువి ఎన్ని, పోయిన ఏడాదిలో మీరు నిజంగా వాడిన అతి చిన్న ముక్క ఎంత పొడుగు? ఈ మూడూ చెప్పండి. అవి తెలియకుండా ర్యాకు చేస్తే మంచి ర్యాకులో అదే చెత్త ఉంటుంది. ముక్కలు తీసేటప్పుడు తోలు చేతి తొడుగులు వేసుకోండి. తేలు ఒక్కటే ఉండదు.

గోదావరిఖని_బొగ్గు (గోదావరిఖని), జూన్ 2

సారు చెప్పినట్టు లెక్కపెట్టే పని నాకు మార్చిలో తప్పింది. కాముని పున్నమికి మా సింగరేణి క్వార్టర్ల పిల్లలు ఇల్లిల్లూ తిరిగి కట్టెలు పోగేస్తారు కదా. నేను డ్యూటీలో ఉన్నా. వెనక వరండాలో ఉన్నదంతా "అంకుల్ పారేసేవే" అని మా అమ్మ ఇచ్చేసింది. అందులో జిట్రేగి (రోజ్‌వుడ్) ముక్కలు నాలుగు. పొద్దున బూడిదలో వెతుక్కున్నా. కాముడు మస్తుగా కాలాడట.

మెట్లకింద_మేస్త్రి (హన్మకొండ), జూన్ 4

సారు చెప్పినట్టే చేశాను. పందిరి కింద టార్పాలిన్ పరిచి మొత్తం పోశాను. 212 ముక్కలు. 8 అంగుళాల లోపువి 131! ఇది చూసి నాకే సిగ్గేసింది. టేకు, నల్లమద్ది, వేప కలిపి 70 దాకా, ప్లై 96, మామిడి, పైన్, పేరు తెలియనివి మిగతావి. పోయిన ఏడాది నేను వాడిన అతి చిన్న ముక్క 5 అంగుళాలు, గోడకు తాళాల హుక్కుల పలక.

తేళ్లు రెండు. సారు సర్వజ్ఞులు.

ఇంకో సంగతి. టింబర్ డిపోలో బస్తా లెక్కన కొన్న ముక్కల్లో ఒకటి వింతగా ఉంది. 14 అంగుళాల పొడుగు, 4 చదరం, తెల్లగా. చేతిలోకి తీసుకుంటే థర్మోకోల్ పట్టుకున్నట్టు ఉంది. గోరుతో గీస్తే గీత పడుతోంది. ఫొటో పెట్టాను. ఏం కట్టె ఇది?

నిర్మల్_కుంచె (నిర్మల్), జూన్ 4

అన్నా అది పొణికి! నూటికి తొంభై పాళ్లు పొణికే. నిర్మల్ బొమ్మలు చేసే కట్టె. మా వీధిలో పుట్టి పెరిగినవాళ్లు దాన్ని చేత్తో తూచి చెప్పేస్తారు. ఉలి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. పళ్ల బొమ్మలు, పక్షులు, జంతువులు అన్నీ దాంతోనే. ఇప్పుడు అడవిలో దొరకడమే కష్టమైపోయింది, మీ బస్తాలోకి ఎట్లా వచ్చిందో!

దాన్ని మాత్రం ఆ మూల పెట్టకండి. వానాకాలం చెమ్మకు నీలి మచ్చలు పడతాయి, మళ్లీ పోవు. వంటింటి సజ్జ మీద, గాలి తగిలేచోట పెట్టండి. కోయబుద్ధి పుడితే ముందు నాకు చెప్పండి.

వడ్ల_ఇంటి_పిలగాడు (పరకాల), జూన్ 4

చూశారా ఖాళీ_టేబుల్ అన్నా? అడుగు లోపువన్నీ పారేయాలన్నారు.

ఖాళీ_టేబుల్ (వరంగల్), జూన్ 4

అది 14 అంగుళాలు. నా రూల్ ప్రకారం బతికింది.

ఐటీఐ_సారు (కాజీపేట), జూన్ 5

లెక్క వచ్చింది కాబట్టి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

మీ 5 అంగుళాల ముక్కే గీత. చేవ కట్టె 5 అంగుళాల లోపు, తెల్లకట్టె అడుగు లోపు, ప్లై అయితే జానెడు చదరం లోపు ఉంచొద్దు. వాటిలో కట్టె ముక్కలు బాయిలర్‌కు ఇచ్చి ఇంట్లో శాంతి కొనుక్కోండి. ప్లై, ఎండీఎఫ్ (కట్టె పీచును జిగురుతో అదిమి చేసే పలక) మాత్రం పొయ్యిలో వేయొద్దు. వాటిలో జిగురు రెజిన్లు ఉంటాయి, ఆ పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ చెడ్డది. ఆ నీళ్లతో స్నానం చేస్తే ఏమీ కాదు గానీ పొయ్యి దగ్గర కూర్చునేది మీ ఆవిడ.

ఇక జాగా. ఆ వంగాల్సిన 4 అడుగుల్లో ముక్కలు పెట్టడం తప్పు కాదు, వాటి కోసం మీరు లోపలికి పోవడమే తప్పు. అక్కడికి మనిషి పోవద్దు, బండి పోవాలి. 2 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల పొడుగు, కింద నాలుగు చక్రాలు. పై అంచు మెట్ల వాలు ఎట్లా ఉందో అట్లాగే ఏటవాలుగా. లోపలికి పోయే కొస పొట్టిగా, మీ వైపు కొస ఎత్తుగా. పొట్టి గదుల్లో పొట్టి ముక్కలు, ఎత్తు గదుల్లో రెండు మూడు అడుగులవి, అన్నీ నిలబెట్టి. బండి బయటకు లాగితే నాలుగు వైపుల నుంచీ కనిపిస్తాయి. పక్కన 3 అంగుళాల సందు వదిలితే ప్లై ముక్కలు అంచు మీద నిలబడతాయి. ప్లైని గోడకు జారవేసి వదిలేస్తే వానాకాలం పోయేసరికి విల్లులా వంగుతుంది. నిటారుగానైనా ఉండాలి, బల్లపరుపుగానైనా ఉండాలి, మధ్యస్తంగా ఉండొద్దు.

నాలుగడుగులు దాటినవి నిలబెట్టొద్దు. బెంచీ పైన గోడకు ప్రతి రెండడుగులకు ఒక బ్రాకెట్ వేసి పడుకోబెట్టండి. బీడింగ్, సన్నటి బద్దలకు 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు చాలు, మెట్ల అడుగున క్లాంపులతో బిగించండి.

చక్రాల దగ్గర పిసినారితనం వద్దు. టేకు సీఎఫ్‌టీ 18, 19 కిలోల దాకా తూగుతుంది. ఐదు సీఎఫ్‌టీల ముక్కలు పడితే 90 కిలోలు దాటింది, బండి బరువు అదనం.

కరీంనగర్_గ్రానైట్ (కరీంనగర్), జూన్ 5

గోడకు ఆనించే ర్యాకు ఏదైనా చేస్తే కాళ్ల కింద గ్రానైట్ ముక్కలు పెట్టండి. మా దగ్గర స్లాబులు కోసినప్పుడు నాలుగంగుళాల తునకలు గుట్టలుగా పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. నేల చెమ్మ కట్టెకు ఎక్కదు.

వడ్ల_ఇంటి_పిలగాడు (పరకాల), జూన్ 5

గ్రానైట్ ఉంటే చెదలు కూడా రావు కదా?

కరీంనగర్_గ్రానైట్ (కరీంనగర్), జూన్ 5

వస్తాయి తమ్ముడూ. గ్రానైట్‌ను తినవు గానీ దాని మీదుగా మట్టి గొట్టం కట్టుకుని ఎక్కుతాయి. కాకపోతే నల్లరాయి మీద మట్టి గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చీపురుతో గీకేయొచ్చు. ర్యాకు నేలకు ఆనుకుని ఉంటే అవి లోపలి నుంచి వస్తాయి, కట్టె డొల్ల అయ్యాక గానీ తెలియదు. అందుకే నేలకు ఆరంగుళాలు, గోడకు రెండంగుళాలు ఎడం ఉండాలి. ఆ ఎడంలో టార్చి వేసి నెలకోసారి చూస్తే చాలు. షాబాదు బండల మధ్య సందులు ఉంటే ముందు వాటిని సిమెంటుతో మూసేయండి, మా ఇంట్లో అవి ఎక్కింది అక్కడి నుంచే.

గోదావరిఖని_బొగ్గు (గోదావరిఖని), జూన్ 6

మా దగ్గర ముక్కల కింది కొసలకు మడ్డి ఆయిల్ పూసేవాళ్లు. చెదలు దగ్గరికి రావు.

ఐటీఐ_సారు (కాజీపేట), జూన్ 6

ఫెవికాల్ కూడా దగ్గరికి రాదు. పాలిష్ కూడా పట్టదు. కంచె గుంజకు పూసుకోండి, రేపు స్టూలు చేయాల్సిన కట్టెకు కాదు.

చెక్కబొమ్మలక్క (జగిత్యాల), జూన్ 7

అందరూ చెదల గురించే చెప్తున్నారు. నన్ను ముంచింది పుప్పి, కట్టెను తొలిచి పిండి చేసే పురుగు.

నేను పిల్లల బొమ్మలు, గిలకలు చేసి అమ్ముతాను. రెండేళ్ల కింద మామిడి చెక్క ముక్కలు అగ్గువకు వచ్చాయని ఒక గోనె సంచి కొని టేకు ముక్కల మీదే పెట్టాను. నాలుగు నెలల తర్వాత సంచి కింద బియ్యప్పిండి పోసినట్టు తెల్లటి పొడి. పిండి ఎవరు పోశారని మా అత్తమ్మను అడిగాను కూడా! ముక్క తిప్పి చూస్తే గుండుసూది తల అంత చిల్లులు. నేల మీద కొడితే ప్రతి చిల్లులోంచీ పొడి రాలింది. అమ్మేసిన నాలుగు బొమ్మలు వెనక్కి తెప్పించుకుని డబ్బులు తిరిగి ఇచ్చాను. ఆ పరువు నష్టం ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

తర్వాత అర్థమైంది ఏమిటంటే ఆ పురుగుకు కావాల్సింది తెల్లకట్టెలో ఉండే పిండి పదార్థం. మామిడి, రబ్బరు కట్టె దానికి పండగ. టేకులో చేవ జోలికి పోదు గానీ అంచుల్లో తెల్లగా ఉండే భాగాన్ని తింటుంది. నా టేకు ముక్కల్లో సరిగ్గా ఆ అంచులే పోయాయి, ఎవరో ఉలితో గీసినట్టు.

కింద పొడి కనిపిస్తే వేళ్ల మధ్య నలిపి చూడండి. పిండిలా మెత్తగా ఉంటే పుప్పి. గసగసాల్లా గింజలు గింజలుగా తగిలితే అది ఎండు కట్టెలో కాపురం పెట్టే రకం చెద, దానికి మట్టి గొట్టం ఉండదు కాబట్టి గ్రానైట్ ఉన్నా కనిపించదు. ఏదైనా సరే ఆ ముక్క అదే రోజు బయటకు పోవాలి. తెల్లకట్టెకు నేను ఇప్పుడు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు రెండుసార్లు పూసి ఆరబెడతాను, అదీ పాలిష్ లేని పచ్చి కట్టెకే. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు మాత్రం పూయను. వాటికి అసలు మామిడే వాడటం మానేశాను.

మెట్లకింద_మేస్త్రి (హన్మకొండ), జూన్ 7

అక్కా, ఇది చదివి పరుగెత్తాను. పైన్ ముక్కలు బాగున్నాయి. మామిడి ముక్కల్లో మూడింటికి చిల్లులు. మీరు చెప్పినట్టే బియ్యప్పిండి. మా ఆవిడ సంతోషంగా బాయిలర్ కట్టెల్లో వేసింది.

గోదావరిఖని_బొగ్గు (గోదావరిఖని), జూన్ 8

పైన్ అంటే పాలెట్‌దా, అదే సరుకు కింద పెట్టే చెక్క చట్రానిదా? పాలెట్ కట్టె తెచ్చుకునేవాళ్లు ముద్ర చూసుకోండి. హెచ్‌టీ అని ఉంటే వేడి పెట్టింది, లోపలి దాకా 56 డిగ్రీలు, 30 నిమిషాలు, పురుగు చస్తుంది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించింది, వదిలేయండి. ముద్ర లేనిది ఎక్కడ ఏం మోసిందో దేవుడికే తెలుసు.

పాత రైలు స్లీపరు ముక్కలు కూడా. కాజీపేట దగ్గర ఒకరు ఇస్తానంటే సంబరపడి తెచ్చుకున్నా. క్రియోసోట్ (కుళ్లకుండా పూసే తారు నూనె) పట్టించిన కట్టె అది. ఒక్క కోత వేస్తే వాసన ఇల్లంతా నాలుగు రోజులు పోలేదు. దాన్ని కోయొద్దు, కాల్చొద్దు, ఇంట్లో పెట్టొద్దు.

వడ్ల_ఇంటి_పిలగాడు (పరకాల), జూన్ 9

ఖాళీ_టేబుల్ అన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకండి. మీరు అసలు ముక్కలు ఉంచుకోరా? పని చేసేవాళ్లకు మనసెట్లా ఒప్పుతుంది?

ఖాళీ_టేబుల్ (వరంగల్), జూన్ 9

ఉంచుకునేవాణ్ణే తమ్మీ. నీకంటే ఎక్కువ. కింద పోర్షన్‌లో ఒక గదికి గది ముక్కలే.

2023 జులై చివర వరద గుర్తుంది కదా. తెల్లవారుజామున లేచేసరికి నీళ్లు మోకాలి దాకా. సామాను పైకి మోస్తున్నాం. గ్యాస్ సిలిండరు, అమ్మ మందులు, బియ్యం. నా గదిలోంచి ముక్కలన్నీ తేలుకుంటూ వచ్చి గేటు దగ్గర మోరీకి అడ్డం పడ్డాయి. అందరూ సామాను మోస్తుంటే నేను మోరీలోంచి కట్టెలు తీస్తూ నిలబడ్డా. మా నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

నీళ్లు పోయాక చూస్తే ఎండీఎఫ్ చాయ్‌లో నానిన బిస్కెట్టు. మామూలు రకం, అంటే ఐఎస్ 303 ప్లై పొరలు పొరలుగా విచ్చుకుంది. ఐఎస్ 710 మెరైన్ ప్లై ముక్కలు నాలుగు మాత్రం తుడిస్తే మామూలుగానే ఉన్నాయి. టేకు నీడలో ఆరేశా, బాగానే ఆరింది. ఆరిన టేకు మొత్తం ఒక మేస్త్రీకి ఇచ్చేశా. అప్పటి నుంచి ఒకటే పెయింట్ డబ్బా, 20 లీటర్లది. అది నిండితే ఖాళీ చేయడమే.

వడ్ల_ఇంటి_పిలగాడు (పరకాల), జూన్ 9

అన్నా, మాఫ్ చేయండి.

ఖాళీ_టేబుల్ (వరంగల్), జూన్ 9

ఛ, అదేం లేదు. మేస్త్రి గారూ, ఆ బండి మెట్ల కింద నుంచి బయటకు ఒక్క మనిషి లాగగలిగేట్టు ఉండాలి. నేను చెప్పేది అదొక్కటే. ప్లై ముక్కల అంచు మీద మందం, గ్రేడు స్కెచ్‌పెన్‌తో రాయండి. 303 ఏదో 710 ఏదో కోశాక చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

మెట్లకింద_మేస్త్రి (హన్మకొండ), జులై 14

బండి అయింది. అయింది అంటే మూడోసారికి అయింది.

మొదటి తప్పు నాదే. మెట్ల వాలు కొలిచాను, ల్యాండింగ్ కింద బీము కొలవలేదు. బండి సగం దూరం పోయి టక్కున ఆగింది. రెండంగుళాలు కోసేయాల్సి వచ్చింది. సారు చెప్పినా వినకుండా చక్రాల దగ్గర పిసినారితనం చేశాను. రెండంగుళాల ప్లాస్టిక్ చక్రాలు. 80 కిలోలు ఎక్కించి లాగితే షాబాదు బండ సందులో ఇరుక్కుని ఒకటి విరిగింది. బండి ఒక పక్కకు ఒరిగి ముక్కలన్నీ మళ్లీ నేల మీద. లోపలి నుంచి మా ఆవిడ "ఏమైంది?" అని అడిగింది, "సర్దుతున్నా" అన్నాను. ఇప్పుడు నాలుగంగుళాల రబ్బరు చక్రాలు, రెండింటికి బ్రేకు. వేలితో లాగినా వస్తోంది.

నేను సొంతంగా చేసింది ఒకటుంది. ముక్కలు నిలబెడితే పైన కనిపించేది కోత మొహమే కదా, ఆ కొసలకు మిగిలిపోయిన ఎనామిల్ పెయింట్ వేశాను. టేకు ఎరుపు, నల్లమద్ది నీలం, వేప పసుపు, తెలియనివి వదిలేశాను. పై నుంచి చూస్తే ఏది ఎక్కడుందో తెలిసిపోతోంది.

212లో 88 మిగిలాయి.

ఆ 12 అంగుళాల టేకు ముక్క దొరికింది. బెంచీ ఊగకుండా వెనక కాలి కింద నేనే పెట్టానట. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం దాని ముందే నిలబడుతున్నాను.

ఐటీఐ_సారు (కాజీపేట), జులై 14

రంగు ఆలోచన బాగుంది. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. కట్టె తడి పోగొట్టుకునేది ఎక్కువగా కొసల నుంచే, కొస తొందరగా ఆరి నడుమ ఆరకపోతే అక్కడ పగులుతుంది. పెయింట్ ఆ తొందరను తగ్గిస్తుంది. అయితే ఇప్పుడు వానాకాలం. బండిలోంచి తీసిన ముక్కను ఆ రోజే కుసులు (ఇంకో కట్టె బెజ్జంలో దూర్చే కొసలు) కోసి బిగించొద్దు. కట్టె నిలువునా పొంగదు, అడ్డంగా పొంగుతుంది. ఇప్పుడు గట్టిగా కూర్చున్న కుసి ఏప్రిల్‌లో గలగలలాడుతుంది.

ఆరిందో లేదో తెలియడానికి మీటరు అక్కర్లేదు, వంటింటి కాటా చాలు. నా దగ్గర ఒక తుమ్మ ముక్క ఉంది. ఆషాఢంలో తెచ్చినప్పుడు 840 గ్రాములు. ఆదివారం ఆదివారం తూచి ముక్క మీదే పెన్సిల్‌తో రాశాను. దసరాకు 760, సంక్రాంతికి 712, తర్వాత మూడు వారాలు 710 దగ్గరే నిలబడింది. తగ్గడం ఆగితే ఆరినట్టు. ఆ అంకెలు ఉన్న పక్కకు రందా పట్టబుద్ధి కాక అట్లాగే ఉంచేశాను. నేను కూడా మీ జాతే.

చెక్కబొమ్మలక్క (జగిత్యాల), జులై 15

తమ్ముడూ, రంపపు పొట్టు ఏం చేస్తున్నావు? చేర్యాల మాస్కులు చేసేవాళ్లు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముద్ద చేస్తారు, మా పిల్లలతో నేనూ అట్లా చేయిస్తుంటాను. ప్లై, ఎండీఎఫ్ పొట్టు మాత్రం అందులో కలపను.

ఒక జాగ్రత్త. అవిసె నూనె పాలిష్ చేసే అలవాటుంటే, తుడిచిన గుడ్డ ఉండచుట్టి పొట్టు సంచిలో వేయకు. ఆ నూనె ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. ఒక రాత్రి మా సంచిలో చెయ్యి పెడితే అప్పుడే దించిన అన్నం గిన్నెలా వెచ్చగా ఉంది. ఇంకాసేపు చూడకపోతే అంటుకునేదే. గుడ్డ విప్పి తీగ మీద ఆరేయాలి, లేదంటే నీళ్లలో ముంచాలి.

మెట్లకింద_మేస్త్రి (హన్మకొండ), జులై 15

అక్కా, ఇప్పుడే పోయి చూసొచ్చాను. ఒక గుడ్డ ఉంది. చల్లగానే ఉంది, అయినా తీసి బకెట్లో వేశాను.

నిర్మల్_కుంచె (నిర్మల్), అక్టోబర్ 6

మేస్త్రి అన్నా, ఈ చర్చ మళ్లీ పైకి తెస్తున్నా. మా బాబాయి ఒకాయన బొమ్మల పని చేసేవారు, ఇప్పుడు చూపు సరిగా లేదు, మానేశారు. మీ ఫొటో చూపిస్తే, "ఆ ముక్కలో ఒక చిలుక, రెండు సీతాఫలాలు ఉన్నాయి" అన్నారు. పొణికి ఇంకా ఉందా? కొన్నా సరే, ఊరికే ఇచ్చినా సరే.

మెట్లకింద_మేస్త్రి (హన్మకొండ), అక్టోబర్ 6

ఉంది. మీరు చెప్పినట్టు వంటింటి సజ్జ మీద, పప్పు డబ్బాల పక్కన పెట్టాను. ఒక్క మచ్చ పడలేదు. ఆదివారం రండి, బాబాయిని కూడా తీసుకురండి. డబ్బుల మాట వద్దు, చిలుక ముక్కు చెక్కేటప్పుడు నన్ను పక్కన కూర్చోనిస్తే చాలు.

వడ్ల_ఇంటి_పిలగాడు (పరకాల), అక్టోబర్ 6

అన్నా, నేనూ వస్తా. బండిలో నల్లమద్ది ఏమన్నా మిగిలిందా? ఉలి పిడికి ఆరంగుళాలు చాలు.